ఆయాసరోగికి మితవ్యాయామము



నేను 35 సంవత్సరములు పిల్లలకు తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి తీసికొనుచున్న ఉపాధ్యాయుడను. వైద్యుడను కాను. ఈ విషయమును గూర్చి రేడియోలో ప్రసంగింపుమని కోరినప్పుడు, ఇది నా యధికారములోనిది కాదుగదా యని మొదట సంకోచించితిని. కాని యీ విషయమున నేనొక తప్పు చేసితిని. ఆ తప్పు మా కుటుంబములోని యొక పెద్దమనిషిని ఏడాదికాలము మంచమునకు కట్టివేసినది. అట్టి తప్పు మన పల్లెలలో నిప్పటికిని జరుగుచున్నది. చేసినవాడే చెప్పినచో వినువారికి నమ్మకము కలుగునని తలచి యొప్పుకొంటిని.

ప్రశ్న యిది. ఊపిరితిత్తులు చెడి, నాలుగడుగులు వేసినంతనే రొప్పు రోగికి విశ్రాంతి మంచిదా, నడక మంచిదా? మనలో నూరుగురి నడిగిన తొంబదిమంది విశ్రాంతియే మంచిదందురు. నేనును అట్లే అంటిని.

మా అక్కగారి భర్త, అనగా మా బావగారు, వ్యవసాయదారు. నలువది సంవత్సరములు చుట్ట కాల్చిరి. అరువదియైదవ యేట దగ్గు, కఫము, ఆయాసము ముదిరి, 2016వ సంవత్సరము సంక్రాంతి వెళ్లిన వారమునకు ఊపిరాడక పట్టణపు టాసుపత్రిలో చేరిరి. పది దినములకు నెమ్మదించి యిల్లు చేరిరి. పొలమునకు పోవలెనని ఆయన ఉబలాటపడుచుండగా నేను అడ్డుపడితిని. బాల్యమున మా గురువుగారియొద్ద వ్యాకరణముతోపాటు వైద్యగ్రంథములును కొంత చదివినవాడను. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున 24వ అధ్యాయములో వ్యాయామమును గూర్చి చెప్పుచు, ఆచార్యుడు కొందరికి దానిని నిషేధించినాడు. రక్తపిత్తరోగి, కృశించినవాడు, శోషరోగి మొదలైనవారితోపాటు శ్వాసకాసములతో బాధపడువానిని గూడ ఆ పట్టికలో చేర్చినాడు. ఆ వాక్యమును బావగారికి చదివి వినిపించి, "శాస్త్రము వద్దనుచున్నది బావా! నీవు కదలరాదు" అని శాసించితిని. పంతులు చెప్పినమాట గదా యని అందరును తలయూచిరి.

అది మొదలు ఆయనకు మంచమే పొలమైనది. భోజనము మంచముకడకు, స్నానమునకు నీళ్లు మంచముకడకు. నెలలు గడచినకొలది ఆయాసము తగ్గుటకు మారుగా పెరిగినది. మొదట పెరటివరకు పోగలిగినవారు తరువాత గడపవరకు, ఆ తరువాత మంచముపై లేచి కూర్చుండువరకు మాత్రమే వచ్చిరి. తొడలు సన్నగిలి కర్రలవలె నైనవి. "చూచితివా, రోగము ముదురుచున్నది. కదలకుండుటే మంచిదైనది" అని నేను మరింత గట్టిగా చెప్పుచుంటిని. మంచము చేసిన పనిని రోగము చేసినదనుకొంటిని.

2017 జనవరిలో మరల ఆసుపత్రి పాలైరి. ఈ మారు నాలుగవ దినమున నొక యువతి వచ్చినది. ఫిజియోథెరపిస్టు అని ఆమెకు పేరు. వ్యాయామముచేత చికిత్స చేయు విద్య నేర్చినది. ఆమె బావగారిని లేవదీసి కుర్చీలో కూర్చుండబెట్టి, మరునాడు గదిలో పది అడుగులు నడిపించినది. నేను కోపముతో "అమ్మాయీ! ఊపిరాడని ముసలివానిని నడిపించుటయా? శాస్త్రవిరుద్ధము!" అంటిని. ఆమె నొచ్చుకొనక, "మాస్టారూ, వీరు ఏడాదిగా నడవలేదు గదా, ఆయాసము తగ్గినదా?" అని యడిగినది. నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ సాయంత్రము వైద్యులు నన్ను ప్రక్కను కూర్చుండబెట్టుకొని చెప్పిన సంగతులును, తరువాత నేను చదివి తెలిసికొన్న సంగతులును కలిపి యిప్పుడు మీకు విన్నవించుచున్నాను.

ఈ రోగమునకు దీర్ఘకాలిక శ్వాసావరోధవ్యాధి యని పేరు. డాక్టర్లు పొడి యక్షరములతో సీఓపీడీ యందురు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కప్రకారము 2021లో లోకమందు ఈ వ్యాధిచేత 35 లక్షలమంది మరణించిరి. మన దేశమున 2016లో సుమారు 5 కోట్ల 50 లక్షలమందికి ఈ వ్యాధి యున్నట్లు పండితులు లెక్కకట్టిరి. పొగాకు పొగ దీనికి ముఖ్యకారణము. పిడకల పొగ, కట్టెల పొగ, గనులలోను మిల్లులలోను లేచు దుమ్ము, పూర్వము వచ్చి తగ్గిన క్షయ, చిరకాలపు ఉబ్బసము గూడ కారణములే.

రోగము పనిచేయు తీరు వినుడు. ఊపిరితిత్తులలో గాలిగొట్టములు కొమ్మలు రెమ్మలుగా చీలి, చివర ద్రాక్షగుత్తులవంటి చిన్న గాలితిత్తులతో ముగియును. పొగ తగిలి తగిలి గొట్టములు వాచి యిరుకగును, కఫము పేరుకొనును. గాలితిత్తుల గోడలు తెగి సాగుడుగుణము పోవును. దానివలన గాలి లోనికి పోవుటకంటె బయటికి వచ్చుట కష్టమగును. పాతగాలి పూర్తిగా వెలువడకముందే క్రొత్త ఊపిరి తీయవలసి వచ్చును. నిండిన కుండలో నీళ్లు పోయబోయినట్లుండును. వడిగా నడచినప్పుడు ఊపిరి తొందరపడును. బయటికి వదలుటకు వ్యవధి తగ్గును. లోపల మరింత గాలి చిక్కుకొనును. రోగి "గాలి చాలుటలేదు" అనును. నిజమునకు లోపలి గాలి వెడలకపోవుటయే యాతని బాధ.

ఇంతవరకు అందరికిని తోచును. తోచనిది రెండవ భాగము. ఆయాసమునకు భయపడి రోగి నడక మానును. నడక మానగా కాళ్ల కండలు కరగును. కరగిన కండ కొద్దిపాటి పనికే అలసి, ఆమ్లమును పుట్టించి, ఆ పనికే మునుపటికంటె ఎక్కువ ఊపిరి కోరును. కనుక పెరటివరకు పోవుటకు నిన్న పది ఊపిరులు చాలగా నేడు పదునైదు కావలసి వచ్చును. ఆయాసము హెచ్చును. హెచ్చినదని రోగి యింకను నడక మానును. ఇట్లు గానుగయెద్దువలె తిరిగినచోటనే తిరుగుచు, తిరిగినకొలది క్రిందికి దిగును. మా బావగారు ఏడాదిలో దిగినది ఈ మెట్లే. ఆ మెట్లను పేర్చినవాడను నేను.

వ్యాయామము చేయు మేలు ఇచ్చటనే యున్నది. అది చెడిన ఊపిరితిత్తులను బాగుచేయదు. ఈ మాటను మీరు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయన బాగుచేయునని చెప్పువారు మోసగాండ్రు. అది కాళ్ల కండలను బాగుచేయును. బలపడిన కండ అదే పనిని తక్కువ ఊపిరితో చేయును. ఊపిరి నిదానించగా లోపలి గాలి వెడలుటకు వ్యవధి దొరకును. సంసారపు లెక్కలో చెప్పవలెనన్న, రాబడి పెరుగదు, దుబారా తగ్గును. అదే రాబడితో ఇల్లు సుఖముగా గడచును.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. క్షయకు మందులు లేని కాలమున విశ్రాంతియే చికిత్సయని రోగులను నెలల తరబడి పరుండబెట్టువారు. ఆ దినములలోనే కొందరు వేరుగా ఆలోచించిరి. అమెరికాలోని డెన్వరు పట్టణపు వైద్యుడు చార్లెస్ డెనిసన్ 1895లోనే ఊపిరితిత్తుల రోగులకు వ్యాయామము, ఆహారము అను విషయములపై పుస్తకము ప్రకటించినాడు. ఇంగ్లండులోని ఫ్రిమ్లీ శానిటోరియమున మార్కస్ పాటర్సన్ అను వైద్యుడు 1905 మొదలు క్షయరోగులచేత మొదట కొద్దిగా నడిపించి, తరువాత బుట్టలు మోయించి, ఆ పిమ్మట పార పట్టించి, మెట్టుమెట్టుగా శ్రమను పెంచినాడు. 1952లో ఆల్వన్ బరాక్ అను వైద్యుడు ఆయాసరోగులకు నడకను అలవాటు చేయవలెనని వ్రాసినాడు. 1960వ దశకమున థామస్ పెట్టీ అను వైద్యుడు మరల డెన్వరులోనే దీనిని క్రమమైన చికిత్సగా తీర్చిదిద్దినాడు. నేడు దీనిని పల్మనరీ రిహాబిలిటేషన్ అనుచున్నారు. ఊపిరితిత్తుల పునరావాస చికిత్స యని మనము చెప్పుకొనవచ్చును.

దీనిచేత నిజముగా మేలు కలుగునా యని పరీక్షించిరి. రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుచేత వ్యాయామము చేయించి, రెండవదానికి మామూలు వైద్యము మాత్రమే చేసి పోల్చి చూచిన పరీక్షలు 65 ఉన్నవి. వానిలో 3,822 మంది పాల్గొనిరి. ఆ పరీక్షలన్నిటిని కలిపి 2015లో ప్రకటించిన సమీక్షలో, వ్యాయామము చేసినవారికి ఆయాసము తగ్గినదనియు, నడక దూరము పెరిగినదనియు, దినచర్యలో సుఖము కలిగినదనియు తేలినది. అమెరికాలో 2014లో ఈ రోగముతో ఆసుపత్రిలో చేరి వెడలిన 1,97,376 మంది వృద్ధుల లెక్కలను పరిశీలించి 2020లో ప్రకటించిరి. వెడలిన 90 దినములలోపల ఈ చికిత్స మొదలుపెట్టినవారిలో ఏడాది తిరుగునప్పటికి నూటికి 7.3 మంది మరణింపగా, అట్లు మొదలుపెట్టనివారిలో నూటికి 19.6 మంది మరణించిరి. అయితే చికిత్సకు పోగలిగినవారు మొదటినుండియు కొంత బలముగలవారై యుండవచ్చును గనుక, ఈ తేడా యంతయు వ్యాయామముయొక్క మహిమయే యనరాదు. కాని యందు మరియొక సంగతి గలదు. అంతటి సంపన్నదేశమున గూడ 90 దినములలోపల మొదలుపెట్టినవారు నూటికి ఒకటిన్నర మంది మాత్రమే. మందు ఉన్నది, పుచ్చుకొనువారు లేరు.

ఇట్లు వినినవెంటనే, "సరి, ఆసుపత్రిలో నున్నవానిని రేపే పరుగెత్తింతము" అని తొందరపడరాదు. ఇంగ్లండులో 389 మంది రోగులపై చేసి 2014లో ప్రకటించిన యొక పరీక్షలో, రోగము ఉధృతముగా నున్నప్పుడు ఆసుపత్రిలో చేరిన రెండు దినములలోపలనే వ్యాయామము మొదలుపెట్టి చూచిరి. మరల ఆసుపత్రికి వచ్చుట తగ్గలేదు. పైగా ఏడాదిలో ఆ జట్టువారిలోనే ఎక్కువమంది మరణించిరి. అందుచేత 2017లో ఐరోపా, అమెరికా వైద్యసంఘములు కలిసి చేసిన సూచనలలో, ఆసుపత్రిలోనుండగా ఈ చికిత్స మొదలుపెట్టవద్దనియు, ఇల్లు చేరిన మూడు వారములలోపల మొదలుపెట్టుట మంచిదనియు చెప్పిరి. ఆసుపత్రిలో లేచి కూర్చుండుట, మరుగుదొడ్డికి నడచిపోవుట మొదలైన కొద్దిపాటి కదలికలు వేరు. అవి మంచమున కండ కరగకుండ చేయునవి. అసలు వ్యాయామము రోగము నెమ్మదించిన పిమ్మటనే.

ఇది వినినప్పుడు నాకు సుశ్రుతుని వాక్యము మరల జ్ఞప్తికి వచ్చినది. శ్వాసరోగికి వ్యాయామము వలదని చెప్పిన ఆ ఆచార్యుడే ఆ ప్రకరణముననే మరియొక మాట చెప్పినాడు. వ్యాయామమును ఎల్లప్పుడును తన బలములో సగమువరకే చేయవలెననియు, ఊపిరి నోటికి వచ్చుట ఆ సగమునకు గుర్తనియు చెప్పినాడు. నేను నిషేధమును కంఠస్థము చేసితిని, పరిమాణమును విడిచితిని. రోగము ఉధృతముగా నున్నప్పటి నిషేధమును జీవితమంతటికిని అన్వయించితిని. ఆ కాలమున ఈ రోగిని కొలుచుటకు సాధనములు లేవు గనుక వలదనుటయే క్షేమమై యుండవచ్చును, నేడు సాధనములున్నవి. శాస్త్రమును నేను నిందింపను. నా అన్వయమును నిందించుకొందును.

ఇక కొలుచు విధము చెప్పెదను. మొదట వైద్యుడు గుండెను, రక్తపుపోటును పరీక్షించును. గుండెనొప్పి నిలకడగా లేనివారికిని, ఇటీవల గుండెపోటు వచ్చినవారికిని వైద్యుడు సరే యనువరకు ఈ వ్యాయామము తగదు. తరువాత గొట్టములోనికి ఊదించి ఊపిరి బలము చూతురు. ఆ పిమ్మట ఆరునిమిషముల నడక పరీక్ష. 30 మీటర్ల చదునైన వసారాలో రోగిని తనకు చేతనైన వడితో అటునిటు నడువుమందురు. ఆయాసము వచ్చిన నిలువవచ్చును, గోడకు ఆనవచ్చును. ఆరు నిమిషములలో ఎంతదూరము పోయెనో అది యాతని లెక్క. వ్రేలికి పల్స్ ఆక్సీమీటరు అను చిన్న యంత్రము తగిలించి, రక్తములో ప్రాణవాయువు ఎంత నిండినదో చూచుచుందురు.

ఇల్లు చేరిన మూడవ వారమున మా బావగారు నడచినది 150 మీటర్లు. అందు రెండుమార్లు ఆగిరి. అనగా నిమిషమునకు 25 మీటర్లు. అందు నూటికి 80 వంతుల వడితో, అనగా నిమిషమునకు 20 మీటర్ల చొప్పున మొదలుపెట్టుమని ఆ అమ్మాయి చెప్పినది. పది నిమిషములకు 200 మీటర్లు. ఒక్కమారుగా కానిచో రెండు నిమిషములు నడచి, ఒక నిమిషము నిలిచి, మరల నడవవచ్చును. వారములు గడచినకొలది నిలుచు కాలము తగ్గించి నడచు కాలము పెంచి, అరగంటవరకు తేవలెను. వారమునకు రెండు మూడుమార్లు ఆసుపత్రిలో వారి యెదుట, తక్కిన దినములలో ఇంటియొద్ద. ఇట్లు 6 మొదలు 12 వారములు.

ఆయాసమును గూడ అంకెలతో కొలుతురు. 0 అనగా ఆయాసము లేదు. 10 అనగా ఇక భరింపరానిది. నడచునప్పుడు 4 మొదలు 6 వరకు ఉండవలెను. మన భాషలో చెప్పవలెనన్న, నడచుచు పద్యము పాడలేకపోవలెను గాని, ప్రక్కవాడు పలుకరించినచో రెండు మూడు మాటలు బదులు చెప్పగలుగవలెను. పద్యము పాడగలిగిన ఆ నడక చాలదు; బదులు చెప్పలేకపోయిన అది మితిమీరినది. సుశ్రుతుడు చెప్పిన సగపు బలమునకు ఇది దగ్గరగానే యున్నదని నాకు తోచినది. కొంచెము ఆయాసము వచ్చుట అపాయముకాదు, చికిత్సలో భాగమే యని రోగికిని, ఇంటివారికిని తెలియవలెను. ఆ అభయము సగము మందు.

నడకతోపాటు మరికొన్ని గలవు. కుర్చీనుండి చేతులు ఆనక లేచి కూర్చుండుట, పదేసి మార్లు, ఇది తొడలకు. అరలీటరు నీళ్లసీసా చేతబట్టి భుజమువరకు ఎత్తి దించుట; ఇది స్నానము చేయుటకు, తల దువ్వుకొనుటకు కావలసిన బలమునిచ్చును. ఊపిరి విడుచు పద్ధతి గూడ నేర్పుదురు. ముక్కుతో రెండు లెక్కించువరకు పీల్చి, పెదవులు సన్నగా బిగించి, వేడి కాఫీని చల్లార్చునట్లు నాలుగు లెక్కించువరకు మెల్లగా ఊదవలెను. గొట్టములు ముడుచుకొనక తెరచియుండి పాతగాలి వెడలును. మెట్లు ఎక్కునప్పుడు, బరువెత్తునప్పుడు ఊదుచు చేయవలెను. ఆయాసము హెచ్చినప్పుడు కూర్చుండి, ముందుకు వంగి, మోకాళ్లపై మోచేతులు ఆనించినచో ఉపశమించును. తమకశ్వాసరోగికి కూర్చుండుటచేత సుఖము కలుగునని చరకుడు గూడ చెప్పియున్నాడు. ప్రాణాయామము తెలిసినవారు ఒకటి గమనింపుడు. ఊపిరి బిగబట్టు కుంభకమును, వడిగా ఊదు భస్త్రికను వైద్యుని యడుగక చేయరాదు.

నడచుచుండగా గుండెలో నొప్పి వచ్చినను, తల తిరిగినను, పెదవులు నీలమైనను, వ్రేలియంత్రములో అంకె 88కి దిగువకు పోయినను వెంటనే ఆగవలెను, వైద్యునికి తెలుపవలెను. కఫము రంగు మారి, జ్వరము తగిలి, ఆయాసము ఒక్కసారిగా హెచ్చిన దినములలో నడక మాని ఆసుపత్రికి పోవలెను. పీల్చు మందులను నడకకై మానరాదు. ఇంటిలో ప్రాణవాయువు యంత్రముగాని, సిలిండరుగాని ఉన్నచో దానిదరిని పొయ్యి, దీపము, బీడీ ఉండరాదు. అన్నిటికంటె ముందు చుట్ట, బీడీ మానవలెను. అది మానక ఎంత నడచినను, చిల్లికుండకు నీళ్లు పోసినట్లే.

ఎనిమిది వారముల పిమ్మట మా బావగారిని మరల నడిపించి చూచిరి. 150 మీటర్లు 210 అయినవి. ఈ పరీక్షలో సుమారు 30 మీటర్ల పెంపునే రోగికి తెలియదగిన మేలుగా వైద్యులు ఎంచుదురు. గొట్టములోనికి ఊదిన లెక్క మాత్రము మునుపటివలెనే యున్నది. ఊపిరితిత్తులు మారలేదు, మనిషి మారెను. ఆ సాయంత్రము వీధియరుగుపై కూర్చుండి, "ఏమోయి బావా! నీ శాస్త్రము నన్ను పడుకోబెట్టినది, ఆ పిల్ల నన్ను లేవదీసినది" అని నవ్విరి. నేను నవ్వలేకపోతిని.

ఇంకొక సంగతి. ఆసుపత్రికి పోయినప్పుడెల్ల మా అక్కగారు ఆయన వెంట వచ్చెడివారు. నాలుగవమారో అయిదవమారో ఆ అమ్మాయి మెట్లపై ఆమెను చూచి, "అమ్మా, మీరును ఆగి ఆగి ఎక్కుచున్నారేమి?" అని యడిగినది. "వయసు మీదపడినది తల్లీ" అని మా అక్క యనెను. ఆమెచేత గూడ గొట్టములోనికి ఊదించిరి. ఆమెకును అదే రోగము! జన్మలో పొగాకు ముట్టనిది. కాని పండ్రెండవ యేటనుండి గాలిరాని వంటయింటిలో కట్టెలు, కందికంప, పిడకలు ఊది ఊది వండినది. 1999లో మన రాష్ట్రమున దీపము పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము వచ్చి గ్యాసుపొయ్యిలు అనేక గృహములకు చేరినవి. మా అక్క యింటికి గూడ వచ్చినది. కాని నీళ్లు కాచుటకు, పశువుల కుడితికి కట్టెలపొయ్యి మానలేదు. ఇరువది సంవత్సరములుగా ఆమె దగ్గుచుండగా మేమెవ్వరము వినలేదు. బావగారి ఆయాసమునకు మంచము వేసితిమి. ఆమె ఆయాసమునకు పేరైనను పెట్టలేదు. ఆ దినమునుండి ఇద్దరును కలిసి నడువసాగిరి.

పెద్దలారా, పల్లెలో ఎవరు మంచము పట్టవలెనో, ఎవరిని ఆసుపత్రికి తీసికొనిపోవలెనో తరచుగా నిర్ణయించువారు మీరే. కనుక మీకు నా మనవులు నాలుగు. మొదటిది: ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రినుండి వచ్చినవానిని చూడబోయినప్పుడు "కదలకుము" అని చెప్పకుడు. "నీకు ఎంత నడక చెప్పిరి?" అని యడుగుడు. చెప్పకపోయినచో, మూడు వారములలోపల మరల పోయి అడిగి రమ్మనుడు. రెండవది: ఆసుపత్రి దూరమైనంతమాత్రమున వదలివేయకుడు. ఆస్ట్రేలియాలో 166 మందిపై చేసి 2017లో ప్రకటించిన పరీక్షలో, ఒకమారు ఇంటికి వచ్చి నేర్పి, తరువాత వారమునకొకమారు టెలిఫోనులో మాటలాడుచు ఎనిమిది వారములు ఇంటియొద్దనే చేయించిన వ్యాయామము, చికిత్స ముగియునప్పటికి ఆసుపత్రిలో చేయించినదానికి తీసిపోలేదని తేలినది. ఒక్కమారు పోయి, కొలిపించుకొని, లెక్క వ్రాయించుకొని వచ్చినచో తక్కినది ఊరిలోనే సాగించుకొనవచ్చును.

మూడవది: గుడి ప్రాకారములోనో, బడి ఆవరణలోనో 30 మీటర్లు, అనగా సుమారు నూరడుగులు, కొలిచి రెండు చివరల సున్నపుగీతలు గీయింపుడు. రెండు గీతలయొద్దను ఒక్కొక్క బల్ల వేయింపుడు. కూర్చుండుటకు చోటున్నదన్న ధైర్యముతో రోగి నడచును. మా యూరిలో రామాలయపు ఆవరణలో అట్లే చేసితిమి. ఇప్పుడు ఉదయమున ఆరుగురు నడచుచున్నారు. నాలుగవది: వంటయింటిలో దగ్గు వినబడినచో అది వయసనుకొనకుడు. ఆమెను గూడ ఊదించి చూడుడు.

నడక ఎనిమిది వారములతో ముగియునది కాదు. మానినచో కండ మరల కరగును. ఏడాదిలో ఆ మేలు చాలవరకు పోవును. మా బావగారు వానదినములలో గూడ వసారాలో నడచిరి. వారి రోగము నయము కాలేదు. కాదని ముందే తెలియును. 2023లో ఆయన స్వర్గస్థులైరి. కాని ఆ ఆరు సంవత్సరములలో రామాలయమునకు తమ కాళ్లతో పోయిరి, మనుమరాలి పెండ్లిలో కన్యాదానమునకు నిలిచియుండిరి, తమ స్నానము తామే చేసికొనిరి. మంచమున గడచిన ఆ యొక్క సంవత్సరమును నేను వారికి తిరిగి యీయలేను. మీ యూరిలో మరియొకనికి అట్టి సంవత్సరము పోకుండ చూచుట మీచేతిలో నున్నది.

మా అక్క యిప్పుడును నడచుచున్నది. నిన్నటి లెక్క 240 మీటర్లు. గీతలకడ కూర్చుండి గడియారము చూచుపని నాది.

సెలవు. స్వస్తి.